‘నా వల్లే ఇలా అయ్యాడా?’ అంటున్న అమ్మకు

ప్రశ్న: మా బాబుకు రెండేళ్ల నాలుగు నెలలు. నెలలు నిండకుండా 34 వారాలకే పుట్టాడు, బరువు 1.9 కిలోలు. పుట్టగానే ఏడవలేదు. వీపు రుద్దితే ఒక నిమిషానికి ఏడ్చాడట. మూడో రోజు కామెర్లు వస్తే రెండు రోజులు లైటు కింద పెట్టారు. ఆరో రోజు ఇంటికి పంపారు. 19 నెలలకు నడిచాడు. ఇప్పటికీ ఐదారు మాటలే వచ్చు. ఎత్తు 83 సెంటీమీటర్లు, బరువు 10 కిలోలు. వాడికంటే చిన్నవాడు, మా ఆడపడుచు కొడుకు గడగడా మాట్లాడేస్తున్నాడు. ‘కడుపుతో ఉన్నన్నాళ్లూ టెన్షన్ పడుతూ కూర్చున్నావు, అందుకే వీడిలా పుట్టాడు’ అంటారు మా అత్తగారు. మా ఆయనా నేనూ దగ్గరి బంధువులం, దానివల్లే అంటుంది మా అక్క. వినికిడి బాగానే ఉంది. టీవీలో పాట వస్తే పక్క గదిలోంచి పరుగెత్తుకొస్తాడు. ఒకరు మెదడుకు టానిక్ రాసిస్తే మూడు నెలలుగా వాడుతున్నాం. వీడిది బుద్ధిమాంద్యమా, ఎదుగుదల లోపమా? ఎందుకు వచ్చింది? రెండో బిడ్డను కనాలంటే భయంగా ఉంది.

జవాబు: అమ్మా, మీరు ఇన్ని అడిగారు కానీ అసలు ప్రశ్నను మాత్రం నేరుగా అడగలేదు. ‘నా వల్లేనా?’ అన్నది ఉత్తరమంతా కనపడుతూనే ఉంది. ముందు దానికి చెబుతాను. కాదు. ఇంటి పనుల్లో, ఉద్యోగంలో, మనుషుల మధ్య మామూలుగా పడే టెన్షన్ వల్ల కడుపులో బిడ్డ మెదడు దెబ్బతినదు. అలా దెబ్బతినేదే అయితే లోకంలో తెలివైన పిల్లలు ఎంతమంది మిగులుతారో మీరే ఆలోచించండి. గర్భంలో మెదడుకు నిజంగా హాని చేసేవి వేరే ఉన్నాయి. వాటి గురించి కింద చెబుతాను. మీ అత్తగారు చెప్పింది వాటిలో లేదు.

రెండో విషయం. మీరు బుద్ధిమాంద్యాన్నీ ఎదుగుదల లోపాన్నీ ఒకే గాటన కట్టారు. చాలామంది అలాగే రాస్తారు. డాక్టర్లం ఈ రెండిటినీ విడదీసి చూస్తాం. ఎత్తు, బరువు, తల చుట్టుకొలత పెరగడం ఎదుగుదల. దీన్ని టేపుతో, తూకంతో కొలవచ్చు. కూర్చోవడం, నడవడం, మాట్లాడటం, చెప్పింది అర్థం చేసుకోవడం, నలుగురిలో కలవడం వికాసం. దీన్ని చూసి, ఆడించి అంచనా వేయాలి. పొట్టిగా ఉన్న పిల్లాడు క్లాసులో అందరికంటే చురుగ్గా ఉండవచ్చు. గ్రోత్ హార్మోన్ తక్కువైన పిల్లల్లో చాలామందికి తెలివి మామూలుగానే ఉంటుంది. అలాగే ఏపుగా పెరిగిన పిల్లాడికి మాట రాకపోవచ్చు. రెండూ ఒకేసారి వెనకబడితే మాత్రం వాటి వెనక ఒకే కారణం ఉందా అని వెతుకుతాం. ముందు మీవాడి విషయంలో ఏది ఎంత వెనకబడిందో చూద్దాం.

ఎత్తు, బరువులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన పట్టికల ప్రకారం రెండేళ్ల నాలుగు నెలల మగపిల్లల సగటు ఎత్తు 90 సెంటీమీటర్లు, బరువు 13 కిలోలకు కొంచెం తక్కువ. సగటు కంటే తక్కువ ఉన్నంత మాత్రాన లోపం కాదు. ఎప్పుడైనా సగంమంది పిల్లలు ఆ గీతకు కిందే ఉంటారు. మేం చూసేది అట్టడుగు గీతను. ఈ వయసుకు అది ఎత్తులో 84 సెంటీమీటర్ల దగ్గర, బరువులో 10 కిలోల 200 గ్రాముల దగ్గర ఉంటుంది. మీవాడు రెండిటిలోనూ దానికి కాస్త కింద ఉన్నాడు. అయితే వాడు ఆరు వారాలు ముందు పుట్టాడు కదా, ఆ నెలన్నర తీసేసి చూస్తే సరిగ్గా గీత మీదికి వస్తాడు. అంటే ‘పరవాలేదు’ అని వదిలేసే స్థితి కాదు, గుండెలు బాదుకునే స్థితీ కాదు.

ఇక్కడ ఒకసారి కొలిచిన అంకె కంటే రెండు కొలతల మధ్య దూరం ఎక్కువ చెబుతుంది. రెండేళ్ల నుంచి మూడేళ్ల లోపు పిల్లలు దాదాపు తొమ్మిది సెంటీమీటర్లు పెరుగుతారు. ఆరు నెలల తర్వాత, అదే చోట, చెప్పులు లేకుండా గోడకు నిలబెట్టి మళ్లీ కొలవండి. నాలుగు సెంటీమీటర్లకు తగ్గకుండా పెరిగితే వాడు తన దారిలో తాను నడుస్తున్నట్టే. టీకాల కార్డులో పాత బరువులు రాసి ఉంటే అవి ఇంకా మంచి సాక్ష్యం. మీ ఇద్దరి ఎత్తు కూడా రాయాల్సింది. పొట్టి తల్లిదండ్రుల పిల్లలు పొట్టిగా ఉండటం జబ్బు కాదు. మీరు రాయని కొలత ఇంకొకటుంది, తల చుట్టుకొలత. తల పెరిగేది లోపల మెదడు పెరిగితేనే. రెండేళ్లు దాటిన మగపిల్లాడికి అది సగటున 48 సెంటీమీటర్ల పైచిలుకు ఉండాలి. కనుబొమల పైనుంచి, వెనక తల బాగా ఉబ్బిన చోటు మీదుగా టేపు చుట్టి చూడండి. 45న్నర కంటే తక్కువుంటే ఆ మాట డాక్టరుకు మొదటే చెప్పండి.

నడక గురించి దిగులు వద్దు. 19 నెలల్లోంచి నెలన్నర తీసేయండి, పదిహేడున్నర. ఏ ఆసరా లేకుండా నడవడానికి 18 నెలల దాకా ఎదురుచూస్తాం. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు కనీసం రెండేళ్లు వచ్చేదాకా ఇలా లెక్క సరిచేసి చూడాలి. ఇది తెలియక ఎంతమంది తల్లులు పక్కింటి పిల్లాడితో పోల్చుకుని నిద్ర పాడు చేసుకుంటారో!

మాట సంగతి అలా కాదు. ఇక్కడ నెలన్నర తీసేసినా లెక్క కుదరడం లేదు. రెండేళ్లకల్లా ‘అమ్మ రా’, ‘పాలు కావాలి’ లాంటి రెండు మాటల జతలు రావాలి. రెండేళ్ల నాలుగు నెలలకు ఐదారు మాటలంటే ఆలస్యమే. ‘మగపిల్లలకు మాటలు లేటు’ అని మీతో ఎవరో ఒకరు అనే ఉంటారు. నిజమే, కాస్త తేడా ఉంటుంది. కానీ అది నెలల్లో ఉంటుంది, ఏళ్లలో కాదు.

మాట ఆలస్యమైన పిల్లాడికి మొదట చేయాల్సింది ఐక్యూ పరీక్షా కాదు, తలకు స్కానింగూ కాదు. వినికిడి పరీక్ష. మీరు ‘వినికిడి బాగానే ఉంది’ అని రాసిన వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. పాట వినగానే పరుగెత్తుకు రావడం, తలుపు కొడితే తిరిగి చూడటం, చప్పట్లకు ఉలిక్కిపడటం, ఇవేవీ వినికిడి పూర్తిగా ఉందని చెప్పవు. చెవుడు అంటే ఏమీ వినపడకపోవడం అనుకుంటాం. చాలామంది పిల్లల్లో అది సగం సగంగా ఉంటుంది. గట్టి శబ్దాలు, డోలు మోతలు, అ, ఊ లాంటి అచ్చులు వినపడతాయి. స, ష, ఫ, త, క లాంటి సన్నని ధ్వనులు చెవిలో పడవు. అలాంటి పిల్లాడికి మన మాట నీళ్లలో మునిగి వింటున్నట్టు ఉంటుంది. పాటలోని తాళం తెలుస్తుంది, అందులో మాటలు తెలియవు. వినని మాట ఎలా వస్తుంది?

నెలలు నిండకుండా పుట్టడం, కామెర్లు బాగా ముదరడం, రెండూ వినికిడిని దెబ్బతీయగలవు. మీవాడి కామెర్లు రెండు రోజుల లైటుతోనే తగ్గాయి కాబట్టి ఆ వైపు అనుమానం తక్కువే. తరచూ జలుబు చేసే పిల్లల్లో కర్ణభేరి వెనక నీరు చేరి కొన్ని నెలలపాటు వినికిడి మందగించడం కూడా ఉంటుంది. దానికి వైద్యం సులువు. పుట్టినప్పుడు చెవి పరీక్ష చేసి ‘పాస్’ అని రాసిచ్చినా సరే, ఇప్పుడు మళ్లీ చేయించండి. ఓఏఈ అనే పరీక్ష కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. బెరా అనే రెండో పరీక్షను నిద్రపుచ్చి చేస్తారు, తలకు చిన్న బిళ్లలు అంటించి శబ్దం మెదడు దాకా వెళ్తోందో లేదో చూస్తారు. సూదులు, కోతలు ఉండవు. పిల్లాడు చురుగ్గా ఉన్నాడు, ఇవన్నీ ఎందుకులే అని ఇంట్లో ఎవరైనా అంటే నా మాటగా చెప్పండి. మందబుద్ధి అని ముద్ర పడ్డాక చివరికి చెవుడని తేలిన పిల్లల్ని నేను చూశాను. ఆ పోయిన ఏళ్లు తిరిగి తేలేం.

పరీక్ష లోపు మీరే ఇంట్లో చూడదగ్గవి కొన్ని ఉన్నాయి. చేత్తో చూపించకుండా, కళ్లతో సైగ చేయకుండా ‘బంతి తీసుకురా’ అనండి. తెస్తాడా? కావాల్సిన వస్తువును వేలితో చూపిస్తాడా, లేక మీ చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాడా? పేరు పెట్టి పిలిస్తే తిరుగుతాడా? బొమ్మను నిద్రపుచ్చడం, ఉత్త గిన్నెలో గరిటె తిప్పడం లాంటి ఉత్తుత్తి ఆటలు ఆడతాడా? ఇవన్నీ ఉండి మాట ఒక్కటే లేకపోతే నాకు సగం ధైర్యం వస్తుంది. అర్థం చేసుకునే పిల్లల్లో చాలామంది తర్వాత అందుకుంటారు. ఇవి లేకపోతే ఆటిజం వైపు కూడా చూడాలి. ఆటిజం, మేధో వైకల్యం ఒకటి కాదు. కొందరిలో రెండూ కలిసి ఉంటాయి, అంతే.

ఇక మీరు రాసిన ‘బుద్ధిమాంద్యం’. ఆ మాటను ఇప్పుడు వాడటం లేదు, మేధో వైకల్యం అంటున్నారు. పేరు మారిస్తే ఏమొస్తుంది అనుకోవచ్చు. కానీ ‘మందబుద్ధి’ అన్నది జబ్బు పేరుగా మొదలై తిట్టుగా మారింది, పిల్లాడి ముందు తిట్టును వాడకూడదు కదా. మేధో వైకల్యం అనాలంటే ఐక్యూ 70 దరిదాపుల్లో గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే చాలదు. బట్టలు వేసుకోవడం, తినడం, మాట్లాడటం, డబ్బు లెక్కపెట్టడం లాంటి రోజువారీ పనుల్లో కూడా వయసుకు తగ్గ నేర్పు లేకుండా ఉండాలి. అదీ చిన్న వయసులోనే మొదలై ఉండాలి. ఐదేళ్ల లోపు ఐక్యూ లెక్క నిలకడగా ఉండదు. అందుకే చిన్నపిల్లల్లో రెండు, మూడు రంగాల్లో వెనకబాటు కనిపిస్తే వికాసంలో ఆలస్యం అని రాస్తాం, ముద్ర వేయం. మీవాడి గురించి ఈ రోజు ఎవరైనా ‘మేధో వైకల్యమే’ అని తేల్చి చెబితే అది తొందరపాటు. ఆ సమస్య ఉన్నట్టు తేలిన పిల్లల్లో కూడా నూటికి 85 మంది దాకా వైకల్యం తక్కువ స్థాయిలో ఉన్నవాళ్లే. వాళ్లు చదవడం, రాయడం నేర్చుకుంటారు. కాస్త తోడుంటే తమ బతుకు తాము బతుకుతారు.

‘ఎందుకు వచ్చింది?’ అని అడిగారు. ఈ ప్రశ్నకు విలువ తెచ్చింది మీలాంటి అమ్మే. 1930లలో నార్వేలో బోర్గ్నీ ఎగెలాండ్ అనే తల్లికి ఇద్దరు పిల్లలు, ఇద్దరూ మానసికంగా ఎదగలేదు. వాళ్ల దగ్గర ఒక వింత వాసన వస్తోందని, దానికీ ఈ జబ్బుకూ ఏదో సంబంధం ఉందని ఆమె డాక్టర్ల చుట్టూ తిరిగింది. చివరికి 1934లో ఆస్‌బ్యోర్న్ ఫోలింగ్ అనే డాక్టరు ఆ పిల్లల మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ కలిపి చూస్తే అది ఆకుపచ్చగా మారింది. ఆహారంలోని ఫినైల్అలనిన్ అనే పదార్థాన్ని వాళ్ల శరీరం అరాయించుకోలేక, అది పేరుకుని మెదడును పాడు చేస్తోందని అలా బయటపడింది. ఆ జబ్బును ఇప్పుడు పీకేయూ అంటారు. ఆ ఇద్దరు పిల్లలకు అప్పటికే ఆలస్యమైపోయింది. కానీ 1950లలో దానికి తగ్గ ఆహార నియమం వచ్చింది. 1960ల మొదట్లో, తన సొంత కొడుకుకే మేధో వైకల్యం ఉన్న రాబర్ట్ గత్రీ అనే డాక్టరు పసిబిడ్డ మడమ నుంచి తీసిన నెత్తురు చుక్కతో దీన్ని కనిపెట్టే పరీక్ష తయారుచేశాడు. పుట్టిన కొద్ది రోజుల్లో తెలిస్తే ఆ బిడ్డ అందరిలాగే ఎదుగుతాడు. కారణం వెతకడం అంటే ఇది. ఆ తల్లి వాసన గురించి అడిగింది, ఎవరి పాపమని అడగలేదు.

పుట్టుకకు ముందు కారణాల్లో జన్యువులవి పెద్ద వాటా. డౌన్ సిండ్రోమ్ మీరు విన్నదే. 21వ క్రోమోజోము రెండు ఉండాల్సింది మూడు ఉంటుంది. 1959లో ఈ సంగతి తేలింది. ఇది తల్లి వయసు పెరిగే కొద్దీ ఎక్కువవుతుంది, కానీ నూటికి 95 మందిలో వంశం నుంచి వచ్చింది కాదు. ముఖం, కండరాల మెత్తదనం చూసి చాలావరకు పుట్టినప్పుడే అనుమానిస్తారు కాబట్టి మీవాడి విషయంలో దీన్ని పక్కన పెట్టేయవచ్చు. వంశంలో నడిచేవాటిలో ఎక్కువగా కనిపించేది ఫ్రజైల్ ఎక్స్, అంటే ఎక్స్ క్రోమోజోములో ఉండే ఒక జన్యులోపం. మగపిల్లల్లో తీవ్రంగా ఉంటుంది. మీ పుట్టింటి వైపు మేనమామల్లో, వాళ్ల పిల్లల్లో ఎవరైనా ఇలా ఉన్నారా అని గుర్తు చేసుకుని డాక్టరుకు చెప్పండి. తల్లి వైపు ఆరా తీయడం నింద వేయడానికి కాదు, అది ఎక్స్ క్రోమోజోము దారి కాబట్టి.

బంధువుల పెళ్లి విషయంలో మీ అక్క చెప్పింది పూర్తిగా తప్పు కాదు, పూర్తిగా ఒప్పూ కాదు. ప్రతి మనిషిలోనూ దాగి ఉన్న జన్యులోపాలు కొన్ని ఉంటాయి. ఒకే లోపం తల్లిలోనూ తండ్రిలోనూ ఉంటేనే బిడ్డకు జబ్బు వస్తుంది, అదీ ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశంతో. దగ్గరి రక్తసంబంధం ఉంటే ఒకే లోపం ఇద్దరిలో ఉండే అవకాశం పెరుగుతుంది. ఏ సంబంధమూ లేని దంపతుల పిల్లల్లో పుట్టుక లోపాలు నూటికి రెండు మూడు. తోబుట్టువుల పిల్లలు పెళ్లి చేసుకున్నప్పుడు అది దాదాపు రెట్టింపవుతుంది. రెట్టింపు అంటే భయంగా వినిపిస్తుంది. అదే లెక్కను తిప్పి చెబితే నూటికి 94 మంది పిల్లలు బాగానే పుడతారు. కాబట్టి మీ బంధుత్వం ఒక అనుమానం మాత్రమే, తీర్పు కాదు. వినికిడి బాగుండి, మాటతో పాటు మిగతావి కూడా వెనకబడ్డాయని తేలితే అప్పుడు క్రోమోజోముల్లో ముక్కలు తగ్గాయా, పెరిగాయా అని చూసే మైక్రోఅరే పరీక్ష, ఆ తర్వాత అవసరమైతే జన్యువులను అక్షరం అక్షరం చదివే ఎక్సోమ్ పరీక్ష రాస్తారు. మైక్రోఅరేలో వందమందిలో 15 నుంచి 20 మందికి కారణం దొరుకుతుంది. అన్నీ చేసినా కారణం తెలియని పిల్లలు చాలామంది మిగిలిపోతారు. ఈ మాట ముందే చెబుతున్నాను, రిపోర్టు ‘నార్మల్’ అని వస్తే తర్వాత కుంగిపోకుండా.

శరీరం, మెదడు రెండూ కలిసి వెనకబడే కారణాల్లో నన్ను ఎప్పుడూ కలవరపెట్టేది థైరాయిడ్. మన చేతిలో ఉండి కూడా జారిపోయేది అదే కాబట్టి. రెండు మూడు వేల మందిలో ఒక బిడ్డ థైరాయిడ్ గ్రంథి సరిగ్గా పనిచేయకుండా పుడుతుంది. పుట్టినప్పుడు చూడటానికి బాగానే ఉంటుంది, మరీ నెమ్మదైన బిడ్డ, ఏడవదు, హాయిగా నిద్రపోతుంది అని ఇంట్లో సంతోషిస్తారు కూడా. వారాలు గడిచినా కామెర్లు తగ్గవు, మలబద్ధకం ఉంటుంది, నాలుక పెద్దగా ఉంటుంది, గొంతు బొంగురుగా ఉంటుంది. మొదటి రెండు వారాల్లో మాత్ర మొదలుపెడితే మామూలుగా ఎదుగుతుంది. నెలలు దాటితే ఎత్తు తర్వాత అందుకోవచ్చు గానీ మెదడుకు జరిగిన నష్టం పూడదు. మీవాడికి పుట్టినప్పుడు ఈ పరీక్ష కోసం మడమ నుంచి నెత్తురు తీశారా? గుర్తులేకపోతే ఇప్పుడు టీ4, టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్షలు చేయించండి. ఎత్తు తక్కువగా ఉన్న పిల్లాడికి ఈ పరీక్ష ఎలాగూ అవసరమే.

థైరాయిడ్ హార్మోను తయారవ్వాలంటే అయోడిన్ కావాలి. నివారించదగ్గ మెదడు నష్టానికి ప్రపంచంలో అతి పెద్ద కారణం అయోడిన్ లోపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. స్విట్జర్లాండ్ కొండ ప్రాంతాల్లో ఒకప్పుడు గొంతువాపు, మరుగుజ్జుతనం, చెవుడు, మేధో వైకల్యం కలిసి ఊళ్లకు ఊళ్లలో కనిపించేవి. 1922లో అక్కడ ఉప్పులో అయోడిన్ కలపడం మొదలుపెట్టాక కొత్తగా పుట్టే పిల్లల్లో అవి మాయమవుతూ వచ్చాయి.

గర్భంలో నిజంగా హాని చేసేవి అన్నాను కదా. మొదటి మూడు నెలల్లో రుబెల్లా సోకడం, సైటోమెగలో, జికా లాంటి వైరస్‌లు, మద్యం, మూర్ఛకు వాడే కొన్ని మందులు, తీవ్రమైన పోషకాహార లోపం. మీ ఉత్తరంలో వీటి జాడ లేదు.

కాన్పు సమయం గురించి ఎక్కువ చెప్పాలి. ‘పుట్టగానే ఏడవలేదు’ అన్న ఒక్క మాటకు జీవితాంతం అన్నీ అంటగట్టేస్తారు. ఒక నిమిషంలో, వీపు రుద్దగానే ఏడ్చిన బిడ్డకు మెదడులో ఆక్సిజన్ తగ్గి దెబ్బ తగిలిందని అనలేం. నిజంగా దెబ్బ తగిలితే ఆ మొదటి రెండు మూడు రోజులే చెబుతాయి. బిడ్డ మత్తుగా ఉంటుంది, పాలు పీల్చదు, ఫిట్స్ వస్తాయి, ఊపిరికి యంత్రం కావాల్సి వస్తుంది. మీవాడు ఆరో రోజు ఇంటికొచ్చాడు. పంతొమ్మిదో శతాబ్దంలో విలియం లిటిల్ అనే డాక్టరు పిల్లల్లో కాళ్లు బిగుసుకుపోవడానికి కాన్పు కష్టమే కారణమన్నాడు. 1897లో సిగ్మండ్ ఫ్రాయిడ్, అవును, కలల గురించి రాసిన ఆ ఫ్రాయిడే, దాన్ని తిరగేసి ప్రశ్నించాడు. బిడ్డలో ముందే ఏదో తేడా ఉండటం వల్లే కాన్పు కష్టమై ఉండొచ్చు కదా అని. చాలామంది పిల్లల విషయంలో ఆయన అనుమానమే నిజమైంది. అలా కాళ్లూ చేతులూ బిగుసుకుపోయే జబ్బును ఇప్పుడు సెరిబ్రల్ పాల్సీ అంటారు, అది ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి మూలం కాన్పు గదిలో లేదు.

34 వారాలకు పుట్టడం కూడా అంత భయపడాల్సింది కాదు. 28 వారాల కంటే ముందు పుట్టినవాళ్లకు ఉన్న ముప్పు వేరు. ఆ వారానికి 1.9 కిలోలు కూడా సరిపోయే బరువే. చక్కెర పడిపోయి చాలాసేపు గమనించకపోవడం, కామెర్లు మెదడు దాకా పాకడం లాంటివి జరిగి ఉంటే డిశ్చార్జి కాగితంలో ఉంటుంది. దాన్ని వెతికి పెట్టుకోండి.

పుట్టాక వచ్చేవి: మెదడువాపు, మెనింజైటిస్, తలకు గట్టి దెబ్బ, ఆగకుండా వచ్చే ఫిట్స్, నెత్తురులో సీసం చేరడం. పాత ఇళ్ల పెచ్చులూడే పెయింట్లలో, పాత బ్యాటరీలు కరిగించే చోట్ల సీసం ఉంటుంది. పిల్లలకు ఇంత వరకు ఫరవాలేదు అనే మోతాదే లేదు. రక్తహీనత, బీ12 లోపం కూడా చూడాలి. బీ12 బాగా తగ్గిన తల్లి పాలు మాత్రమే తాగే పసివాళ్లు నేర్చుకున్నవి కూడా మరిచిపోతారు. ఇంజెక్షన్లతో తిరిగి కోలుకుంటారు, ముందే పట్టుకుంటే. మీవాడికి టీఎస్‌హెచ్ కోసం రక్తం తీసేటప్పుడే హీమోగ్లోబిన్, ఐరన్, బీ12 కూడా చూడమనండి, మళ్లీ సూది గుచ్చకుండా.

ఆ టానిక్ ఆపేయండి. తెలివి పెంచే మందు ఇంతవరకు లేదు. సీసా మీద మెదడు బొమ్మ ఉన్నంత మాత్రాన అది మెదడుకు పోదు. మూలకణాల చికిత్స, ఆక్సిజన్ గదిలో కూర్చోబెట్టడం అని కూడా మీకు ఎవరో ఒకరు చెబుతారు, అవి మేధో వైకల్యాన్ని తగ్గిస్తాయని రుజువు కాలేదు.

మందు లేదంటే చేసేది లేదని కాదు. కారణం తెలిసేదాకా ఆగాల్సిన పనీ లేదు. వినికిడి పరీక్ష అయిన వారమే స్పీచ్ థెరపిస్టును కలవండి. ఇంట్లో టీవీ, ఫోను తగ్గించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది రెండేళ్ల నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించొద్దని, తక్కువైతే ఇంకా మంచిదని. ఫోను వల్ల మేధో వైకల్యం రాదు గానీ, అది మాట్లాడే సమయాన్ని మింగేస్తుంది. వాడు చూస్తున్నదాని గురించి, చేస్తున్నదాని గురించి చిన్న చిన్న మాటల్లో చెప్పండి. వాడు ‘బ’ అంటే మీరు ‘బంతి, పెద్ద బంతి’ అని పొడిగించండి. ‘అను, అను’ అని పదిమంది ముందు వేధించకండి. నోరు మూసుకుపోతుంది. ‘వాడికి మాటలు రావు’ అని వాడి ముందు ఎవరితోనూ అనకండి, అర్థమవుతుంది వాడికి.

వచ్చిన ఆ ఐదారు మాటలు కూడా పోతున్నాయనిపిస్తే, నడక తప్పుతుంటే, చూపు నిలిపి కొన్ని క్షణాలు ఉలుకూ పలుకూ లేకుండా అయిపోతుంటే, ఫిట్స్ వస్తే ఇవేవీ ఆగి చూసేవి కావు. వెంటనే పిల్లల న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. ఎమ్మారై, ఈఈజీ అప్పుడు అవసరమవుతాయి. ఇప్పుడు మీరు రాసినదాన్ని బట్టి వాటితో మొదలుపెట్టనక్కర్లేదు.

రెండో బిడ్డ సంగతి. మాట ఆలస్యం వినికిడి వల్లో, నెలలు నిండకపోవడం వల్లో అయితే ఒక రకం జవాబు. జన్యువులో ఏదైనా దొరికితే ఇంకో రకం. అప్పుడు మళ్లీ అలా పుట్టే అవకాశం ఎంతో జెనెటిక్ కౌన్సెలర్ అంకెతో చెబుతారు, గర్భంలోనే పరీక్షించే వీలు కూడా ఉండొచ్చు. అందుకే ముందు వీడి పరీక్షలు కానివ్వండి, ఆ తర్వాతే గర్భం గురించి ఆలోచించండి. ఈ లోపు మీ థైరాయిడ్, హీమోగ్లోబిన్ చూపించుకోండి. రుబెల్లా టీకా వేయించుకోకపోతే గర్భానికి కనీసం నెల ముందు వేయించుకోండి. గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం నెల ముందునుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ వేసుకోండి. ఒకసారి నెలలు నిండకుండా కాన్పయినవాళ్లకు రెండోసారి కూడా అలా అయ్యే అవకాశం కొంత ఎక్కువ. కాబట్టి మొదటిసారి డాక్టరును కలిసినప్పుడే ‘నాకు 34 వారాలకు కాన్పయింది’ అని చెప్పండి. అడిగేదాకా ఆగకండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మీ ఆయనను కూడా తీసుకెళ్లండి. కుదిరితే అత్తగారిని కూడా. వినికిడి పరీక్షలో శబ్దం తెరమీద గీతలుగా మారి కనపడటం ఆవిడ కళ్లతో చూస్తే, టెన్షన్ మాట మళ్లీ ఎత్తరని నా అనుభవం. రిపోర్టు వచ్చాక తల చుట్టుకొలత, మీ ఇద్దరి ఎత్తులు కలిపి నాకు మళ్లీ రాయండి.